శ్రీలో ఎన్ని అక్షరాలు?

మాది కాప్రా. ఈసీఐఎల్ కూతవేటు దూరం. ఎప్పుడో టీడీసీ-12 అనే కంప్యూటరు ఈ కంపెనీ నుంచి బయటికొచ్చింది. అలాంటి చోట పుట్టి పెరిగి, పైగా సాఫ్టువేరు ఉద్యోగం వెలగబెడుతూ, ఇంట్లో వాళ్ళు అడిగిన చిన్న పని చెయ్యలేకపోతే ఎంత నామోషీ!

ఆ పనేంటంటే... నాన్నకి ఈ మధ్య చూపు బాగా మందగించింది. తాతయ్య పెట్టెలోంచి ఓ పాత వచన పుస్తకం తీసి, "ఒరేయ్, దీన్ని స్కాన్ చేసి ఆ ఫోను చేత చదివించు, వింటాను" అన్నారు. ఓ గంట పని అనుకున్నా. మూడు వారాలైంది, ఇంకా పదకొండో పేజీలో ఉన్నాను. ఎందుకిలా అవుతోందా అని వెతుకుతూ పోతే తెలుగు ఓసీఆర్ కథంతా బయటపడింది.

ఇదంతా గూగుల్ వచ్చాక మొదలైందని అనుకునేవాణ్ణి. ఉహూఁ. అచ్చు తెలుగు అక్షరాల గుర్తింపు మీద ఎస్.ఎన్.ఎస్. రాజశేఖరన్, బి.ఎల్. దీక్షితులు 1977లోనే పేపరు రాశారు (దీక్షితులు గారు తర్వాత ఇక్కడి రిమోట్ సెన్సింగ్ సంస్థకి డైరెక్టర్ అయ్యారు). యూనికోడ్ అనే మాట కూడా పుట్టని రోజులవి. వాళ్ళ పద్ధతి నాకు పలక మీద దిద్దించినట్టే అనిపించింది. ముందు అక్షరంలో తెలిసిన ఆకారాలని గుర్తుపట్టి తీసెయ్యాలి, మిగిలిన గీత వెంట నడుస్తూ దాని వంపుల్ని కోడ్‌గా రాసుకోవాలి, ఆ కోడ్‌ని బట్టి అక్షరమేదో తేల్చాలి.

అసలు చిక్కు లెక్క దగ్గరే ఉంది. తెలుగులో అచ్చులూ హల్లులూ కలిపితే యాభై చిల్లర. గుణింతాలూ ఒత్తులూ కలిస్తే ఆకారాలు పదివేల దాకా తేలతాయి. 2001లో హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ళు (అతుల్ నేగి, చక్రవర్తి భాగవతి, బి. కృష్ణ) దీనికో చక్కని కిటుకు వేశారు. అక్షరం సంగతి మర్చిపోండి, కాగితం మీద ఒకదానికొకటి అంటుకుని ఉన్న సిరాముక్కల్ని మాత్రమే గుర్తుపట్టండి అన్నారు. అంతే, పదివేలు కాస్తా 370కి దిగాయి! ప్రోగ్రామర్‌గా నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. సుమారు 92 శాతం సరిగ్గా వచ్చిందన్నారు. బాగానే ఉంది కానీ, అంటే నూటికి ఎనిమిది తప్పులు. వెయ్యి ముక్కలున్న పేజీకి ఎనభై. దిద్దేవాడికి మొదట్నుంచీ టైపు చేసుకోవడమే నయమనిపిస్తుంది.

ఇక టెసరాక్ట్. 1985-94 మధ్య హెచ్‌పీలో తయారైంది, 2005లో ఓపెన్‌సోర్స్ అయింది, ఆ తర్వాత గూగుల్ ఎత్తుకుంది. ఇంజినీరింగ్ ఫైనలియర్ ప్రాజెక్టుకి దాని మూడో వెర్షన్‌తో కుస్తీ పట్టాను. ప్రతి అక్షరం చుట్టూ డబ్బా గీసి, ఇది ఫలానా అని చెప్పాలి. ఇంగ్లీషుకి సరే. మనకో? 'శ్రీ'నే తీసుకోండి. బళ్ళో అది ఒక్క అక్షరం. అచ్చులో మామూలుగా రెండు ముక్కలు: శీ, దాన్ని చుట్టుకున్న ర ఒత్తు. యూనికోడ్‌లో నాలుగు కోడ్‌లు. డబ్బా దేని చుట్టూ గియ్యాలి? పైగా ద కింద చిన్న మచ్చ పడితే ధ. ప తలకట్టు జరిగి అంటుకుంటే వ.

2018లో నాలుగో వెర్షన్ ఈ డబ్బాల గోల వదిలించింది. వరుస మొత్తాన్నీ న్యూరల్ నెట్‌వర్క్ చూస్తుంది. వరుస బొమ్మా, అందులో ఉన్న సరైన పాఠమూ ఇస్తే చాలు, అదే నేర్చుకుంటుంది. హమ్మయ్య అనుకున్నా... కానీ ఆ సరైన పాఠం ఎవరి దగ్గరుంది? దానికి తెలుగు నేర్పింది కంప్యూటర్ ఫాంట్లతో తయారుచేసిన బొమ్మల మీద. తాతయ్య పుస్తకమేమో సీసపు అచ్చు. అరిగిపోయిన టైపు, అరసున్నలు, బండి ఱలు. ఇప్పటి రాతలో ఇవెక్కడున్నాయి నేర్చుకోవడానికి?

అరసున్న పోతే ఏం కొంపలంటుకున్నాయి అనుకున్నా నేను కూడా. ఒకచోట 'ఏఁడు' అని ఉంటే మిషను 'ఏడు' అంది. నేనూ గమనించలేదు. చదివి వినిపిస్తుంటే నాన్న ఆపేశారు. "ఏడేంట్రా, అక్కడ సంవత్సరం కదా ఉండాలి? అరసున్న మింగేశావు చూడు". ఏడంటే 7, ఏఁడంటే సంవత్సరం. పేజీ సరిగ్గా కనబడని మనిషి పట్టుకున్న తప్పు అది.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుణ్యమా అని వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఆ సైటు మూతపడినా, చాలా ప్రతులు ఆర్కైవ్.ఆర్గ్‌లో ఉన్నాయి. స్కాన్ అంటే బొమ్మే. ఓ మాట వెతుకుదామంటే కుదరదు, చూపు లేనివాళ్ళు విందామన్నా కుదరదు. వాటిని చదివే మిషను కావాలంటే కొత్త అల్గారిథమ్ కన్నా ముందు ఎవరో ఒకరు కూర్చుని దిద్దిన పేజీలు కావాలని నాకనిపిస్తోంది. తెలుగు వికీసోర్స్‌లో కొందరు ఆ పనే చేస్తున్నారు: పక్కన బొమ్మ, ఇక్కడ దిద్దిన పాఠం. వాళ్ళు పుస్తకం కోసం చేస్తున్నారు గానీ, మిషనుకి చదువు చెప్పడానికి కావలసిన సరుకు సరిగ్గా అదే.

మా ఇంట్లోనూ అదే నడుస్తోంది. మిషను చదివింది నేను వినిపిస్తాను, నాన్న చెవితో పట్టుకుంటారు, నేను బొమ్మ చూసి దిద్దుతాను. నలభై పేజీలయ్యాక ట్రైనింగ్ మొదలెట్టాలని ప్లాను. ఉంటా మరి, పన్నెండో పేజీకి పిలుస్తున్నారు.