చదవకుండానే ఒప్పుకున్న పత్రాలు

సాంబ మసూరి తినని తెలుగు ఇల్లు అరుదు. ఆ వరి బాపట్లలో పుట్టింది. బీపీటీ 5204 అన్న దాని పేరులో ఆ ఊరే ఉంది. శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి సంకరాలు చేశారు, తరం తరువాత తరం నాటారు, నిలవనివాటిని ఏరి పారేశారు. చివరికి 1986లో దాన్ని రైతు చేతికిచ్చారు. తెనాలి, రేపల్లె పొలాల్లో అది కంకి వేసినప్పుడల్లా కాగితం మీది మాట నేల మీద రుజువయ్యేది. పరిశోధన అంటే మనకు ఆనాడు అదీ. పోగొట్టుకున్నదీ అదే.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసిన గేదెల శ్రీనుబాబు 2007లో ఓమిక్స్ అనే పరిశోధన జర్నళ్ల ప్రచురణ సంస్థను మొదలుపెట్టారు. హైదరాబాద్ నుంచి నడిచిన ఆ సంస్థ, జర్నళ్లను ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చంది. రేపల్లెలో కూర్చున్న పిల్లవాడికి ప్రపంచ శాస్త్రం అందడం కన్నా మంచి కోరిక ఏముంటుంది? ఆ మాట మీదే నిలబడి ఉంటే ఎంత బావుండేది!

2010లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ), అధ్యాపకుల పదోన్నతికి పాయింట్ల లెక్క తెచ్చింది. పేపరుకిన్ని పాయింట్లు. ప్రయోగశాల సరిగా లేని కాలేజీల్లోనూ పేపర్లు కావలసి వచ్చాయి. అప్పుడే ఆగి, రాసినదేమిటో చదువుదామని ఒక్కరైనా పట్టుబట్టి ఉంటే! లెక్కే గెలిచింది. ఆచార్యా, మీ అమూల్యమైన వ్యాసం పంపండి అంటూ ఓమిక్స్ లాంటి సంస్థల నుంచి మెయిళ్లు వచ్చాయి. పంపిన కొద్ది రోజులకే 'ఆమోదించాం' అన్న జవాబు, దాని వెనకే డాలర్లలో బిల్లు.

2013లో అమెరికా ఆరోగ్య శాఖ తన సంస్థల పేర్లు వాడుకోవద్దని ఓమిక్స్‌ను హెచ్చరించింది. దారి మళ్లడానికి అప్పటికీ సమయం మించలేదు. 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఓమిక్స్ మీద కేసు వేసింది. సంస్థ ఆరోపణలను కాదంది. 2019 మార్చిలో నెవాడా కోర్టు ఓమిక్స్‌కు వ్యతిరేకంగా తీర్పిచ్చి, 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమంది. నిపుణుల సమీక్ష జరుగుతుందని నమ్మించారనీ, ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లను సంపాదకులుగా వేశారనీ, రుసుము సంగతి దాచారనీ తేల్చింది. ఇక్కడ యూజీసీ 2018లో తన జాబితా నుంచి 4,000కు పైగా జర్నళ్లను తీసేసింది. అంతవరకూ వాటికి ఆమోద ముద్ర ఇచ్చింది తనే.

జబ్బు ఒక ఊరిదీ, ఒక సంస్థదీ కాదు. 2023లో హిందావి ప్రచురణ సంస్థ ఒక్కటే 8,000కు పైగా పేపర్లను రద్దు చేసుకుంది.

నా గుండె కలుక్కుమనేది మాత్రం దొంగ పేపర్ల గురించి కాదు, వాటి మధ్య ఇరుక్కున్న నిజమైన వాటి గురించి. ఓమిక్స్ మోసం తెలిసి, మా వ్యాసం మాకివ్వండని బతిమాలిన రచయితలకు చాలాసార్లు అవి తిరిగి రాలేదు. ఒకచోట అచ్చయినదాన్ని మరో మంచి జర్నల్ తీసుకోదు. రాత్రులు మేలుకుని చేసిన కొలతలూ, తప్పు దొరికితే మళ్లీ మొదటి నుంచి వేసుకున్న లెక్కలూ అక్కడే ఉండిపోయాయి. వాటిని నమ్మి చదివేవాళ్లు ఇప్పుడు లేరు.