అడవి మంట: ఉపగ్రహం చూస్తుంది, ఆర్పేది మనిషే

ఉత్తరాఖండ్‌లో కార్చిచ్చుల కాలం ఏటా ఫిబ్రవరి 15 నుంచి జూన్ 15 వరకు. భూతాపం పెరిగేకొద్దీ కొండలపై ఎండ ముదిరి, ఆకులు, గడ్డి త్వరగా ఎండిపోతున్నాయి. 2024లో శీతాకాలపు వాన, మంచు కూడా బాగా తగ్గాయి. ఏప్రిల్ చివర్లో నైనిటాల్ పరిసరాలు అంటుకోగా, వాయుసేన హెలికాప్టర్లు భీమ్‌తాల్ సరస్సు నీటిని తెచ్చి గుమ్మరించాయి. జూన్ 13న అల్మోరా జిల్లా బిన్సర్ అభయారణ్యంలో మంటలు ఆర్పబోయిన నలుగురు అటవీ సిబ్బంది మరణించారు.

సాంకేతికత చేసేదెంత?

భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహ చిత్రాలతో మంటలను గుర్తించి ఫోన్లకు హెచ్చరికలు పంపుతుంది. ఇందుకు వాడే విర్స్ పరికరం ఒక్కో చుక్క 375 మీటర్ల మేర నేలను చూపుతుంది. అయితే ఉపగ్రహం ఒక ప్రాంతం మీదుగా రోజుకు కొన్నిసార్లే వెళ్తుంది. మబ్బు, దట్టమైన పొగ ఉంటే చిన్న మంట తప్పిపోవచ్చు. హెచ్చరిక అందినా, రోడ్డు లేని కొండకు సిబ్బంది నడిచే వెళ్లాలి.

హెలికాప్టర్‌కు పొగ, గాలి అడ్డంకి. నీళ్లు మంట ఉధృతిని తగ్గిస్తాయి గానీ, ఆకుల కింద రగిలే నిప్పును మనుషులే తవ్వి ఆర్పాలి. మేఘమథనానికి ముందు మేఘాలుండాలి. దానిపైనో, వరుణుడిపైనో ఆధారపడటం పరిష్కారం కాదని సుప్రీంకోర్టు 2024 మేలో స్పష్టం చేసింది.

ఇంధనం నేలమీదే

ఇక్కడి చీర్ పైన్ చెట్ల నుంచి రాలే జిగురు సూదులను స్థానికులు పిరుల్ అంటారు. వేసవిలో ఇవి దట్టంగా పరుచుకుని ఇట్టే అంటుకుంటాయి. చాలా మంటలకు నిప్పు పెట్టేది మనుషులే: కొందరు నిర్లక్ష్యంతో, కొందరు కొత్త గడ్డి కోసం. కలప, జిగురు కోసం బ్రిటిష్ పాలకులు పైన్‌ను ప్రోత్సహిస్తూ, అడవిపై గ్రామస్థుల హక్కులకు కోత పెట్టారు. 1921లో కుమావున్ ప్రజలు నిరసనగా అడవులనే తగులబెట్టారు. ఆ ఒత్తిడితోనే 1931లో వన పంచాయతీల నియమాలు వచ్చాయి.

2024లో రాష్ట్ర ప్రభుత్వం పిరుల్‌ను కిలో రూ.50కు కొంటామని ప్రకటించింది. ఈ పథకం నిలవాలంటే సేకరించినవారికి డబ్బు సకాలంలో చేరాలి. వేసవికి ముందే మంట నిలువరించే బాటలు శుభ్రమవ్వాలి. తాత్కాలిక అగ్ని కాపలాదారులకు రక్షణ దుస్తులు, బీమా ఉండాలి. ఉపగ్రహ హెచ్చరికకు విలువ వచ్చేది అప్పుడే.