అంతరగంగె కొండ మీద ఒక రోజు

మాది తమక. మా మిద్దె మీద నిలబడితే శతశృంగ కొండలు కనబడతాయి. రోజూ చూసే కొండలే కదా అని ఎప్పుడూ పట్టించుకోలేదు. పోయిన డిసెంబరులో మా సోషల్ సార్ పదో తరగతి వాళ్లను అంతరగంగెకు పిలుచుకొని పోయారు. దారి చూపడానికి కొండ మీది పల్లె నుంచి ఒకాయన వచ్చాడు. మేమంతా అన్నా అని పిలిచాము.

మెట్లెక్కితే మొదట కాశీ విశ్వేశ్వరుని గుడి. అక్కడ రాతి బసవన్న నోటి నుంచి నీళ్లు పడుతూనే ఉంటాయి. ఎండాకాలంలో కూడా ఆగవంట.

"ఈ నీళ్లు యాడ నుంచి వస్తాయన్నా?" అని అడిగాను.

"కాశీ నుంచి అని మా అవ్వ చెప్పేది."

వానకు బండల సందుల్లో ఇంకిన నీళ్లే మెల్లగా కిందికి ఊరతాయని సార్ చెప్పారు. అన్న నవ్వి, "అదీ నిజమే సార్. పైన చెట్లు కొట్టేస్తే కాశీ నుంచి కూడా రావు" అన్నాడు.

కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి మా చెరువులకు పంపుతున్నారు. మా వీధి బోరు ఎండిపోయి మూడేండ్లయింది, ట్యాంకరు నీళ్లు కొంటున్నాము. అందుకే ఆ బసవన్న ముందు నుంచి నాకు కదలబుద్ధి కాలేదు.

గుడి దాటినాక గుండ్లు ఒకదాని మీద ఒకటి. వాటి సందులే గుహలు. టార్చి పట్టుకొని అన్న ముందు, మేము వెనక పాకుతూ పోయాము. ఒకచోట నా బ్యాగు ఇరుక్కుంది. ముందుకు పోలేను, వెనక్కి రాలేను. గట్టిగా అరిచాను. "ఊపిరి వదిలి భుజం తిప్పప్పా, ఏం కాదు" అన్నాడు అన్న. బయటపడినాక మా తాత గుర్తొచ్చాడు. ఆయన కేజీఎఫ్ గనిలో పనిచేశాడు. అక్కడ ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైనే లోతు. 2001లో గనులు మూసేదాకా మనుషులు రోజూ అలాంటి చీకట్లోకి దిగారు. నాకు రెండు నిమిషాలకే ఏడుపొచ్చింది.

పైనుంచి కోలారు మొత్తం కనబడింది. పరశురాముడు కార్తవీర్యార్జునుణ్ణి చంపినప్పుడు కోలాహలం పుట్టింది కాబట్టి కోలారు అయిందని స్థలపురాణం. శాసనాల్లో ఉన్న పేరు మాత్రం కువలాల అని సార్ చెప్పారు. 4వ శతాబ్దంలో గంగరాజుల మొదటి రాజధాని ఇదే. తరువాత తలకాడుకు పోయినా, వాళ్లు కువలాలపుర ప్రభువులమనే చెప్పుకొన్నారు. కోలారమ్మ గుడిలో రాజేంద్రచోళుని కాలం నాటి తమిళ శాసనాలు ఉన్నాయి. హైదరాలీ తండ్రి ఫతే మహమ్మద్ సమాధి కూడా కోలారులోనే ఉంది. అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను.

"మీ పల్లె పేరు శాసనాల్లో ఉందా అన్నా?" అని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా ఒక బండ చూపించాడు. దాని మీద దోవ మాదిరి నున్నగా అరిగి ఉంది. "మా అవ్వోళ్లు కట్టెలమోపులు ఎత్తుకొని కోలారుకు దిగిన దోవ ఇది. వట్టికాళ్లతో" అన్నాడు. చెప్పులు విడిచి దాని మీద నిలబడి చూశాను. ఎండకు కాలు చుర్రుమంది.

దిగేటప్పుడు బసవన్న దగ్గర ఒక సీసా నింపుకొని ఇంటికి తెచ్చాను. మా అవ్వ ఒక గుక్క తాగి, "నా పెండ్లయిన ఏడు తాగినాను. అదే రుచి" అంది.