తోటాల మర

పోయిన సంక్రాంతికి అత్తిలి వెళ్ళినప్పుడు, అటక మీద ఇత్తడి సామాను దింపుతుంటే ఒక గోనెసంచిలో వింత వస్తువు దొరికింది. బల్ల అంచుకి బిగించే ఇనప పట్టు, దాని మీద చిన్న గొట్టం అడ్డంగా కూర్చునే గాడి, ఒక చివర తిప్పే పిడి. అరిగిపోయిన అక్షరాల్లో షెఫీల్డ్ అని, కింద 12 అని ఉంది. మా ఆవిడ జంతికల గొట్టం అనుకుంది. నాన్నగారు "పాతిక రూపాయల ఇనుము, వేసేద్దాం" అన్నారు. మామ్మ మాత్రం మంచం మీంచే చూసి పోల్చుకుంది.

"అది తోటాల మర రా. మా మావగారిది. లోపల పెట్టేయ్."

ఆ మాట పట్టుకుని నాలుగు నెలలపాటు పాత కేటలాగులు తిరగేశాను. తుపాకులంటే నాకు మోజేం లేదు, ఒక్కసారి కూడా పట్టుకోలేదు. సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాణ్ణి. కానీ వాడకం పోయిన పనిముట్టుని విప్పి చూడటం, ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన పాత ప్రోగ్రామ్ చదవడం లాంటిదే. రాసినవాడు ఏవి ఎప్పటికీ మారవనుకున్నాడో అవన్నీ అందులో బయటపడతాయి. ఈ మరలో అలాంటి నమ్మకాలు మూడు కనిపించాయి నాకు. తోటా గొట్టం కాగితంది. అందులో పోసేది పాత తుపాకిమందు. పిట్టలు ఎప్పటికీ తరగవు.

ముందు అసలు ఇది ఏం చేస్తుందో చెప్పాలి. నోటిలోంచి కూరే తుపాకీకి మందు కుప్పె, గుళ్ళ సంచి విడివిడిగా మోసుకెళ్ళాలి. 1830లలో పారిస్‌లో లెఫోషో అనే తుపాకీల పనివాడు, మధ్యకి విరిచి వెనకనుంచి నింపే తుపాకీని, దానికి తగ్గ తోటాని తయారుచేశాడు. తర్వాతి ముప్ఫై ఏళ్ళలో ఆ తోటా మనకి తెలిసిన రూపానికి వచ్చింది: కాగితపు గొట్టం, ఇత్తడి అడుగు, ఆ అడుగు నడిమధ్యన చిన్న టోపీ లాంటి కేపు. లోపల మందు, దానిమీద ఉన్ని బిళ్ళ, ఆపైన సీసపు గుళ్ళు, చివర ఒక అట్ట బిళ్ళ. ఇక 12 అంటారా, ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుళ్ళుగా పోస్తే, అందులో ఒక గుండు పట్టేంత గొట్టం అని లెక్క.

పేల్చాక గొట్టం, ఇత్తడి అడుగు మిగిలిపోతాయి. సీమనుంచి ఓడలో వచ్చిన సరుకుని ఒక్కసారి వాడి పారేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? అందుకని మళ్ళీ నింపుకునేవారు. పేలిన కేపుని పొడిచి తీయడానికి ఒక సూది, కొత్త కేపు నొక్కడానికి ఒక మీట, మందూ గుళ్ళూ కొలవడానికి పిడి ఉన్న గిన్నె, బిళ్ళలు దిగగొట్టడానికి చెక్క దంచు. అన్నీ అయ్యాక గొట్టం మూతిని లోపలికి మడవాలి, లేకపోతే గుళ్ళు జారిపోతాయి. ఆ మడత వేసేదే మా ఇంటి మర. తోటాని గాడిలో పెట్టి, నొక్కుతూ పిడి తిప్పితే, పూతరేకు అంచు మడిచినట్టు కాగితం లోపలికి చుట్టుకుంటుంది.

ఇవి షెఫీల్డ్‌లో జేమ్స్ డిక్సన్ అండ్ సన్స్, హాక్స్‌లీ లాంటి కంపెనీలు చేసేవి. నోటి తుపాకుల కాలంలో మందు కుప్పెలు చేసి అమ్మింది కూడా వీళ్ళే. కుప్పెల అవసరం తగ్గుతుంటే తోటాల పనిముట్లకి మళ్ళారు. ఒక సరుకు చచ్చిపోతుంటే దాన్ని చంపుతున్న సరుకుకే విడిభాగాలు అమ్ముకోవడం, ఐటీలో ఉన్నవాళ్ళకి చాలా పరిచయమైన కథ.

1878 ఆయుధాల చట్టం తర్వాత మనదేశంలో తుపాకీకి లైసెన్సు కావాలి, తెల్లవాళ్ళకి మినహాయింపు. లైసెన్సు చేతికొచ్చినవాడికి అదొక హోదా. మా ముత్తాతకి రెండు గొట్టాల తుపాకీ ఉండేదట. చలికాలంలో అత్తిలిలో రైలెక్కి భీమవరంలో మారి, ఆకివీడులో దిగి, అక్కణ్ణించి తాటి దోనెలో కొల్లేట్లోకి. పరజలు వలస వచ్చే రోజులు.

మొదటి నమ్మకం అక్కడే దెబ్బతింది. కాగితం తోటాకి చెమ్మ పడదు. ఉబ్బితే గొట్టంలోకి దిగదు, బలవంతంగా దింపితే పేలాక బయటికి రాదు. ఇంగ్లండులో చిత్తడి నేలల్లో బాతుల్ని కొట్టేవాళ్ళూ ఈ బాధ పడలేకే మొత్తం ఇత్తడితో చేసిన తోటాలు కొనేవారు. మా ఇంట్లో విరుగుడు వేరు. నింపిన తోటాల్ని డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని బియ్యం కుండలో పూడ్చేవారట. "తినే బియ్యంలో ఆ పాడు ఏంటని మా అత్తగారు గోల పెట్టేవారు" అంది మామ్మ. పైన వేసే అట్ట బిళ్ళలకి సీమ సరుకు దొరక్కపోతే శుభలేఖల్నే గుండ్రంగా కొట్టేవారట. అలా చిల్లులు పడ్డ శుభలేఖలతో పిల్లలు ఆడుకునేవాళ్ళు.

రెండో నమ్మకం కొలత గిన్నె. పాత తుపాకిమందు అంటే సురేకారం, గంధకం, బొగ్గు. పన్నెండో నంబరు తోటాకి మామూలుగా మూడు డ్రాములు, అంటే అయిదు గ్రాముల పైచిలుకు మందు పోసేవారు. గిన్నెని ఆ మందు ఎంత చోటు ఆక్రమిస్తుందో దానిబట్టి చేశారు. బరువు తూచక్కర్లేదు, ముంచి పోస్తే చాలు. 19వ శతాబ్దం చివరికి పొగరాని మందులు వచ్చాయి. వాటిలో రెండు రకాలు. షుల్ట్‌జ్ లాంటి వాటిని 'బల్క్' అనేవారు. పాత గిన్నెతోనే కొలవచ్చు, దాదాపు అదే బలం వస్తుంది. జనం గిన్నెలు పారేయరని తెలిసి, మందునే గిన్నెకి సరిపడేలా తయారుచేశారన్నమాట. రెండో రకం 'డెన్స్', 1887లో నోబెల్ కనిపెట్టిన బాలిస్టైట్ లాంటివి. ఇవి కాస్తంత చాలు. అదే గిన్నె నిండా ముంచి పోస్తే తుపాకీ గొట్టమే పగిలిపోతుంది.

గిన్నె చూస్తే ఒకటే. మందు డబ్బాలు చూసినా అన్నీ ఒక్కలాగే ఉండేవి. తేడా ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉండేది.

మామ్మ కాపరానికొచ్చిన కొత్తలో, ముత్తాత ఊళ్ళో లేనప్పుడు మా చినతాత తోటాలు నింపాడు. మందు అయిపోతే ఎవరో ఇచ్చిన వేరే డబ్బా తీశాడు. గిన్నె నిండా ముంచాడు. చెరువుగట్టున మొదటి దెబ్బకే ఎడమచెయ్యి నుజ్జయింది. మూడు వేళ్ళు తీసేశారు. ఆయన ఎడమచేతికి ఎప్పుడూ తువ్వాలు చుట్టుకుని తిరగడం నాకు గుర్తుంది. ట్రాక్టరులో పడిందని చెప్పేవారు మాకు. ఆ సాయంత్రమే ముత్తాత మరని గోనెసంచిలో కట్టి అటకెక్కించాడట. గిన్నెని మాత్రం చెరువులోకి విసిరేశాడు. అందుకే సంచిలో గిన్నె లేదు. పాత కేటలాగు బొమ్మలో ఉన్న వస్తువు మా సంచిలో ఎందుకు లేదని నాలుగు నెలలు ఆలోచించాను. అడిగి ఉంటే మామ్మ మొదటిరోజే చెప్పేది.

ఇక మూడోది. 1946లో కె. కె. నీలకంఠన్ అనే కేరళ పక్షి పరిశీలకుడు మా జిల్లాలోనే, ఉండి పక్కన ఆరేడులో, చెట్ల మీద గూడబాతుల గూళ్ళు చూసి వాటిగురించి రాశాడు. తర్వాతి దశాబ్దాల్లో ఆ గూళ్ళు లేకుండా పోయాయి. అది తుపాకీ పని అని అననను. చెట్లు పోవడం, చేపల చెరువులు రావడం, నీళ్ళు చెడిపోవడం, వీటి ముందు మా ముత్తాత తోటాలు ఎంత? కానీ తోటా మళ్ళీ మళ్ళీ నింపుకోవచ్చు అన్నవాడు, పిట్టలూ అలాగే ఏటా నిండుతాయనే అనుకున్నాడు. ఆ లెక్క మాత్రం తప్పింది.

మర అటకెక్కాక, బయటి ప్రపంచం కూడా దాన్ని నెమ్మదిగా వదిలేసింది. 1960లో అమెరికాలో రెమింగ్టన్ ప్లాస్టిక్ తోటా తెచ్చింది. దాని మూతిని నక్షత్రంలా మడుస్తారు కాబట్టి ఇలా చుట్టే మరతో పనిలేదు. మనదగ్గర 1959 ఆయుధాల చట్టం తోటాల భాగాల్ని, తోటాలు తయారుచేసే యంత్రాల్ని కూడా మందుగుండు నిర్వచనంలోనే చేర్చింది. 1972 వన్యప్రాణి చట్టం లైసెన్సుతో వేటకి కొంచెం సందు ఉంచితే, 1991 సవరణ దాన్నీ మూసేసింది. 1999లో కొల్లేరు అభయారణ్యం అయింది.

ఈ తుప్పు మర ఆ నిర్వచనం కిందకి వస్తుందా అని లాయరు స్నేహితుణ్ణి అడిగాను. "వస్తుందనీ వాదించొచ్చు, రాదనీ వాదించొచ్చు. నువ్వు మాత్రం వాదించే దాకా తెచ్చుకోకు" అన్నాడు. నాన్నగారు ఇప్పటికీ పాతసామాన్లవాడికి వేసేద్దామనే అంటున్నారు. బహుశా అలాగే చేస్తాం. ముందు ఫొటోలు తీసుకుని, కొలతలు రాసుకున్నాను.

తిరుగు ప్రయాణానికి ముందురోజు పిల్లల్ని తీసుకుని ఆటపాక వెళ్ళాను. గూడబాతులు మళ్ళీ ఉన్నాయి, చెట్ల మీద కాకపోతే ఇనప స్టాండ్ల మీద. ఇంటికొచ్చాక మామ్మ అడిగింది.

"పరజలు కనపడ్డాయా?"

"కనపడ్డాయి మామ్మా. దూరంగా."

"దూరంగానే ఉండనీ" అని అటు తిరిగి పడుకుంది.