కాలి కింద కిరీటం

బెల్‌ఫాస్ట్ నగరపు గ్రేట్ విక్టోరియా వీధిలో ‘క్రౌన్’ అనే పాత మధుశాల ఉంది. గుమ్మంలో నేలపైన రంగురాళ్ళతో పొదిగిన కిరీటం కనిపిస్తుంది. యజమాని పాట్రిక్ ఫ్లానిగన్ ఐరిష్ జాతీయవాది అనీ, ఆయన భార్యకు బ్రిటిష్ రాజభక్తి మెండనీ, ఆమె మాట కాదనలేక ఆ పేరు పెట్టి, కిరీటాన్ని మాత్రం వచ్చేపోయేవారి కాళ్ళ కింద పరిపించాడనీ ఒక కథ చెబుతారు. నిజమెంతో గాని, ఆ ఊరి తగవంతా ఆ కథలో ఉంది.

ఫ్లానిగన్ 1885లో దీన్ని కొత్తగా తీర్చిదిద్దించాడు. చర్చీల నిర్మాణానికి వచ్చిన ఇటలీ పనివారు, తమ పని ముగిశాక ఇక్కడ చేయి వేశారంటారు. లోపల గ్యాసు దీపాలు, రంగుటద్దాలు, చెక్కడపు కొయ్యపని, తలుపులున్న పది చిన్న గదులు. పరులకంట పడకుండా తాగదలచినవారికి ఆ గదులు. పనివాణ్ణి పిలవడానికి గంట, అగ్గిపుల్ల గీసుకోవడానికి లోహపు పలక నేటికీ ఉన్నాయి.

ఎదుటి యూరోపా హోటల్ 1971లో తెరచింది మొదలు 30 సార్లకు పైగా బాంబు దాడులకు గురైంది. ఆ పేలుళ్ళకు క్రౌన్ అద్దాలూ పగిలాయి. 1978లో నేషనల్ ట్రస్ట్ దీన్ని కొని, ఊళ్ళో కల్లోలం సాగుతుండగానే, 1981 నాటికి పూర్వరూపానికి తెచ్చింది.

మ్యూజియంగా మార్చి తాళం వేయలేదు, మధుశాలగానే ఉంచింది. మద్యం మాట ఎలా ఉన్నా, నాకు నచ్చింది ఇదే. పగిలినదాన్ని మళ్ళీ అతికి, నలుగురూ కూర్చునే చోటుగా నిలపడమే అసలైన పరిరక్షణ. ఎవరి కిరీటం ఎవరిదైనా, గుమ్మం మాత్రం అందరిదీ.