కేస్లాపూర్ నాగోబా: పాముతో మన చుట్టరికం

పుష్య అమావాస్య రాత్రి కేస్లాపూర్‌లో మెస్రం వంశీయులు గోదావరి జలంతో నాగోబాకు అభిషేకం చేస్తారు. ఆ మహాపూజతోనే జాతర మొదలవుతుంది. ఇంతవరకు మన యువతలో అందరికీ తెలుసు. ఆ నీళ్లు ఎక్కడివి, ఎవరు మోసుకొచ్చారు అంటే మాత్రం జవాబు చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు. మా హాస్టల్ పిల్లలు జాతర నుంచి వచ్చి రంగులరాట్నం గురించి చెప్పినంతగా పూజ గురించి చెప్పలేరు. అందుకే ఈ నాలుగు మాటలు.

పామును కొలవడం మన ఒక్కరి ఆచారం కాదు. అమరావతి స్తూపం శిల్పాల్లో పడగలెత్తిన నాగులు కనిపిస్తాయి. ఆంధ్ర, తెలంగాణ ఊళ్లలో నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తారు. (పాము పాలు తాగదు. కాటేస్తే పూజ కాదు, ఆసుపత్రే దిక్కు. ఇది టీచర్‌గా చెప్పక తప్పదు.) కర్ణాటకలోని కుక్కే సుబ్రహ్మణ్యకు సర్పదోషం పోవాలని వెళ్తారు. కేరళలోని మన్నారశాలలో ప్రధాన పూజారి స్థానం ఒక స్త్రీది.

మహాభారతంలో ఖాండవ వనాన్ని కాల్చినప్పుడు అక్కడున్న నాగులు కాలిపోయారు. ఆ నాగులు పాములు కాదు, అడవిలో బతికిన మనుషులేనని ఇరావతీ కర్వే ‘యుగాంత’లో వాదించారు. అడవి బిడ్డలుగా మనం ఆ మాట దగ్గర కాసేపు ఆగాలి. తర్వాత జనమేజయుడు సర్పయాగం చేస్తే దాన్ని ఆపించిన ఆస్తీకుడు నాగులకు మేనల్లుడు. అంటే ఆ కథలో కూడా పామును కాపాడింది చుట్టరికమే.

నాగోబా దగ్గర ఈ చుట్టరికమే అసలు సంగతి. గోండీలో పామును తరాస్ అంటాం, దేవుణ్ణి పేన్ అంటాం. నాగోబా అన్న పేరులో చివర ఉన్నది విఠోబా, ఖండోబాల్లో వినిపించే మరాఠీ గౌరవం. ఇరుగుపొరుగు భాష నుంచి పేరు వచ్చినా పూజ మాత్రం వంశానిదే. జాతర ముందు పెద్దలు ఎడ్లబండిపై ఊరూరా తిరిగి కబురు చెబుతారు. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరులు చేసిస్తారు. వాళ్లు మన తెగవారు కాకపోయినా వాళ్ల చేయి లేకుండా పూజ సాగదు. తర్వాత మెస్రం వారు తెల్లబట్టలు కట్టి, కాళ్లకు చెప్పులు లేకుండా జన్నారం వైపు గోదావరిలోని హస్తలమడుగుకు నడిచి వెళ్లి, ఝరిలో నీళ్లు తెస్తారు. తిరిగొచ్చాక ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజ చేసి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేస్తారు.

వేలమంది దిగినా వంటకు పొయ్యిలు 22 మాత్రమే. వంశంలోని కితలు 22 కాబట్టి. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు ఆ పొయ్యి మీదే వండుకోవాలి. మన వంశవృక్షం కాగితం మీద కంటే ఆ బూడిదలోనే ఎక్కువ భద్రంగా ఉంది. మీది ఏ పొయ్యో మీ నానమ్మను అడిగి చూడండి. పుట్టమన్ను పని ఆడపడుచులది, అల్లుళ్లది. ఇక భేటింగ్. కొత్త కోడళ్లు తెల్లచీరల్లో వచ్చి, పెద్దల వెంట నాగోబా ముందు మొక్కుతారు. అప్పటిదాకా ఆమె ఇంటికి కోడలే గాని వంశంలో మనిషి కాదు. ‘దేవుడికి కోడల్ని చూపించడమేమిటి’ అని చదువుకున్న అమ్మాయిలు మమ్మల్ని అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే. మా మటుకు మాకు అది పుట్టింటి నుంచి వచ్చిన పిల్లకు వంశం అందరి ఎదుట చోటు ఇవ్వడంగా కనిపిస్తుంది.

ఈ కథంతా పాటగా మోసుకొచ్చినవారు ప్రధాన్‌లు. కిక్రి పట్టుకుని రాత్రంతా పాడగలిగినవాళ్లు ఇప్పుడు మన ఊళ్లలో ఎందరున్నారో లెక్కపెట్టుకుంటే భయం వేస్తుంది.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, నిజాం ప్రభుత్వం ఆదివాసుల గోడు తెలుసుకోవడానికి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. మార్లవాయిలో మన పిల్లలకు చదువు చెప్పే గోండు ఉపాధ్యాయుల శిక్షణ అప్పుడే మొదలైంది. మన జనం వేరువేరు గూడేల నుంచి ఒకచోట చేరేది నాగోబా దగ్గరేనని గమనించి, అధికారులు అక్కడికే వచ్చి అర్జీలు వినే దర్బార్‌ను ఆయన పెట్టించారు. అది నేటికీ నడుస్తోంది. వచ్చే అర్జీల్లో భూమి గురించినవి అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి.

తెలంగాణ వచ్చాక జాతర రాష్ట్ర పండుగ అయింది. అయినా రాతి గుడిని కొత్తగా కట్టాలనుకున్నప్పుడు మెస్రం వారు ఇంటింటా చందాలు వేసుకున్నారు. రైతులు పంట డబ్బుల్లోంచి, ఉద్యోగులు జీతాల్లోంచి ఇచ్చారు. 2022 డిసెంబరులో విగ్రహ ప్రతిష్ఠ జరిగింది.