ఒకే గుండె దడ, రెండు కొలబద్దలు: క్రీడాకారుల్లో, రోగుల్లో ఆందోళనను కొలిచే తీరు

వ్యాస సంగ్రహం

పోటీకి ముందు క్రీడాకారుడిలోనూ ఆపరేషన్‌కు ముందు రోగిలోనూ ఆందోళన ఇంచుమించు ఒకే రూపంలో బయటపడుతుంది: గుండె దడ, చల్లబడే అరచేతులు, పట్టని నిద్ర. వాటిని కొలిచే ప్రశ్నావళులు మాత్రం వేర్వేరు అవసరాల కోసం పుట్టాయి. ఆ తేడా గమనించకుండా రెండు వర్గాల అంకెలను పోల్చడం సరికాదని, గాయపడి ఆపరేషన్ చేయించుకున్న క్రీడాకారుల అసలు భయం ఈ రెండు రకాల ప్రశ్నావళులకూ అందకుండా పోతోందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు ప్రచురిత పరిశోధనలే ఆధారం.

కీలక పదాలు: ఆందోళన, మానసిక స్వస్థత, కొలమానాలు, క్రీడా గాయాలు, పునరావాసం.

1. పోల్చకూడని అంకెలు

ఉన్నత స్థాయి క్రీడాకారుల్లో సుమారు 34 శాతం మందిలో ఆందోళన లేదా కుంగుబాటు లక్షణాలు ఉన్నాయని గుటెబార్జ్ బృందం 2019లో లెక్కగట్టింది. క్యాన్సర్ విభాగాల్లో చికిత్స పొందుతున్నవారిలో ఆందోళన రుగ్మత 10.3 శాతమని మిచెల్ బృందం 2011లో లాన్సెట్ ఆంకాలజీలో ప్రచురించింది. రెండూ అనేక అధ్యయనాలను క్రోడీకరించి తేల్చిన అంకెలే. పక్కపక్కన పెట్టి చూస్తే, పతకాల కోసం పరుగెత్తేవాడు క్యాన్సర్‌తో పోరాడేవాడికంటే మూడింతలు ఆందోళనలో ఉన్నాడని అనిపిస్తుంది. పత్రికల్లో ఇలాంటి శీర్షికలు పెట్టడం తేలిక.

ఈ పోలిక మొదట్లోనే తప్పుతుంది. మొదటి అంకె ప్రధానంగా క్రీడాకారులు తామే నింపిన ప్రశ్నావళుల నుంచి వచ్చింది. అందులో ఆందోళన, కుంగుబాటు కలిసి ఉన్నాయి. లెక్కించినది లక్షణాలనే కానీ రుగ్మతను కాదు. రెండోది రోగులతో ముఖాముఖి మాట్లాడి, వైద్య నిర్ధారణ ప్రమాణాలకు సరిపోయినవారిని మాత్రమే లెక్కలోకి తీసుకున్నది. ప్రశ్నావళి వల విస్తారం, నిర్ధారణ జల్లెడ సన్నం. ఏది ఎక్కువ, ఏది తక్కువ అని అడిగేముందు ఎవరిని దేనితో కొలిచారో అడగాలి.

2. కొలబద్దలు ఎందుకు వేరయ్యాయి

ఆందోళన కొలతలో స్పీల్‌బర్గర్ బృందం 1970లో తెచ్చిన ప్రశ్నావళి ఒక మలుపు. అందులోని 40 అంశాల్లో 20 'ఇప్పుడు, ఈ క్షణంలో ఎలా ఉంది' అని అడిగితే, మిగతా 20 'మామూలుగా మీరు ఎలా ఉంటారు' అని అడుగుతాయి. సందర్భాన్ని బట్టి పుట్టే కంగారు వేరు, స్వభావంలో ఉన్న ఆందోళన వేరు అన్నది దాని పునాది. ఆటస్థలంలోనూ ఆసుపత్రిలోనూ ఇది వాడుకలోకి వచ్చింది. ఆ తర్వాత దారులు చీలాయి.

ఆసుపత్రిలో ఒక చిక్కు వచ్చింది. థైరాయిడ్ పెరిగినవాడికి గుండె దడ ఉంటుంది. రక్తహీనత ఉన్నామెకు నీరసం ఉంటుంది. ఆపరేషన్ నొప్పితో నిద్ర పట్టదు. వీటన్నిటినీ ఆందోళన ఖాతాలో వేస్తే వార్డులో ప్రతి ఒక్కరూ మానసిక రోగే అవుతారు. అందుకే జిగ్మండ్, స్నెయిత్ 1983లో రూపొందించిన 'హాడ్స్' ప్రశ్నావళి శరీర లక్షణాలను వీలైనంత పక్కన పెట్టి, మనసులో మెదిలే కలతను, తగ్గిపోయిన ఆసక్తిని అడుగుతుంది. మొత్తం 14 ప్రశ్నల్లో ఏడు ఆందోళనకు, ఏడు కుంగుబాటుకు. ఒక్కో భాగానికి గరిష్ఠం 21. ఎనిమిదికి చేరితే గమనించాలి, పదకొండు లేదా అంతకు మించితే రుగ్మత ఉండే అవకాశం ఎక్కువ.

క్రీడారంగం ఇందుకు ఎదురు దారి పట్టింది. మార్టెన్స్ బృందం 1990లో వివరంగా ప్రచురించిన పోటీ ఆందోళన ప్రశ్నావళిలో 27 అంశాలు ఉన్నాయి: మనసులో కలతకు తొమ్మిది, శరీర లక్షణాలకు తొమ్మిది, ఆత్మవిశ్వాసానికి తొమ్మిది. ఇక్కడ శరీరాన్ని పక్కన పెట్టలేదు, దానికి విడిగా ఖాతా తెరిచారు. ఆట మొదలయ్యే వేళకు శరీరంలోని అలజడి ఉన్నపళంగా పెరిగి, తొలి పాయింట్లు ఆడేసరికి సద్దుమణుగుతుంది. 'ఓడిపోతానేమో' అన్న కలత అలా కాదు. అది రోజుల ముందే మొదలై, స్కోరు తారుమారైనప్పుడల్లా తల ఎత్తుతుంది. రెండింటినీ ఒకే అంకెలో కలిపేస్తే కోచ్‌కు పనికొచ్చే సమాచారం పోతుంది.

ఒక కొలబద్ద శరీరాన్ని అనుమానించింది, మరొకటి విడదీసి చూసింది. రెండూ తమ చోట సబబే.

3. దడకు అర్థం చెప్పేది ఎవరు?

ఉద్వేగం ఒక మోతాదు వరకు మేలు చేస్తుందని, ఆపైన చెడగొడుతుందని చెప్పేటప్పుడు యెర్క్స్, డాడ్సన్‌ల 1908 నాటి ప్రయోగాన్ని ఉదహరించడం ఆనవాయితీ. నిజానికి వారు పరీక్షించింది ఎలుకలను, వాడింది కరెంటు షాకులను. క్రీడాకారుడి ఆందోళన అందులో లేదు. యూరి హానిన్ స్పీల్‌బర్గర్ ప్రశ్నావళిని రష్యన్‌లోకి తెచ్చి క్రీడాకారులపై వాడినప్పుడు వేరే సంగతి తేలింది. అందరికీ సరిపడే మోతాదు లేదు. ఒకరు ప్రశాంతంగా ఉన్నప్పుడు బాగా ఆడితే, మరొకరు ఒళ్లంతా బిగిసినప్పుడే రాణిస్తారు. 1990ల్లో గ్రాహం జోన్స్ ఇంకో ప్రశ్న చేర్చాడు: ఈ లక్షణం నీకు ఎంత ఉంది అని మాత్రమే కాదు, అది నీకు సాయపడుతోందా, అడ్డుపడుతోందా అని కూడా అడగాలన్నాడు. తన దడను 'సిద్ధంగా ఉన్నాను' అని చదువుకునే ఆటగాడికి అది ఇంధనం.

రోగి విషయంలో ఆ చదువు తలకిందులవుతుంది. గుండెపోటు వచ్చి కోలుకుంటున్న మనిషి మేడమెట్లు ఎక్కితే గుండె వేగం పెరుగుతుంది. అది మామూలే. అతడికి మాత్రం అది రెండో పోటుకు నాందిలా వినిపిస్తుంది. మెట్లు మానేస్తాడు. మానేసినకొద్దీ ఒంట్లో సత్తువ తగ్గి, చిన్న శ్రమకే దడ పెరుగుతుంది. భయం తనకు తానే సాక్ష్యం పుట్టించుకుంటుంది. ఇక్కడ క్రీడాశాస్త్రం ఆసుపత్రికి ఒక సాధనాన్ని అందించింది. శ్రమ ఎంత అనిపిస్తోందో 6 నుంచి 20 దాకా అంకెల్లో చెప్పించే గున్నార్ బోర్గ్ కొలమానాన్ని శిక్షణ మైదానంలోనూ గుండె పునరావాస కేంద్రంలోనూ వాడుతున్నారు. ట్రెడ్‌మిల్ మీద 'ఇప్పుడు 12' అని చెప్పగలిగిన రోగి తన దడను ప్రమాదంగా కాక శ్రమగా గుర్తుపట్టడం నేర్చుకుంటున్నట్టే.

ఈ చదువును మార్చడం సాధ్యమని ఎగ్బర్ట్ బృందం 1964లో బోస్టన్‌లో చేసిన అధ్యయనం చూపింది. పొట్ట ఆపరేషన్‌కు సిద్ధమైన 97 మందిని రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గం వారి దగ్గరికి ముందురోజు మత్తు డాక్టరు వెళ్లి కూర్చుని నొప్పి గురించి దాపరికం లేకుండా చెప్పారు. ఎక్కడ వస్తుంది, ఎంత తీవ్రంగా ఉంటుంది, అది సహజమే, కోత కింది కండరాలు బిగుసుకోవడం వల్ల వస్తుంది, వాటిని ఎలా వదులు చేయాలి, పక్కమీద ఎలా ఒత్తిగిల్లాలి. ఆపరేషన్ తర్వాతా వచ్చి అదే గుర్తుచేశారు. ఎవరికి ఇలా చెప్పారో సర్జన్లకు తెలియనివ్వలేదు. ఈ వర్గానికి నొప్పి తగ్గించే మత్తుమందుల అవసరం దాదాపు సగానికి పడిపోయింది. వారిని సగటున రెండు రోజులకు పైగా ముందే ఇంటికి పంపారు. నొప్పి గురించి ఏమీ చెప్పకపోవడంకంటే, ఏమవుతుందో చెప్పడం ఎక్కువ పనిచేసిందన్నమాట.

4. రెండు కొలబద్దల నడుమ

క్రీడాకారుడే రోగి అయితే? మోకాలిలోని ఏసీఎల్ లిగమెంట్ తెగడం ఇందుకు తగిన ఉదాహరణ. కుడిచేతి బ్యాడ్మింటన్ క్రీడాకారిణి తన ఎడమవైపు వెనక మూలకు వచ్చిన షటిల్‌ను తలమీదుగా కొట్టి ఒంటి ఎడమకాలి మీద దిగినప్పుడు ఈ గాయం కావడం ఆ ఆటలో బాగా ఎరిగిన సంగతి. ఆపరేషన్ అయింది, నెలల తరబడి వ్యాయామం చేసింది, రెండు తొడల బలం ఇంచుమించు సమానమైంది అనుకుందాం. ఫిజియో సరేనన్నాడు. కోర్టులో మాత్రం షటిల్ ఆ మూలకు వెళ్తే ఆమె ఎగరదు. అర అడుగు ఆలస్యంగా కదులుతుంది, దిగేటప్పుడు మోకాలు తగినంత వంచదు. చూసేవారికి బద్ధకంలా కనిపిస్తుంది. 'ఫిట్‌నెస్ ఉంది, కాన్ఫిడెన్స్ లేదు' అని కోచ్ తేల్చేస్తాడు.

ఆమె హాడ్స్ నింపితే అంకె మామూలుగానే రావచ్చు. హాయిగా నిద్రపోతోంది, నవ్వుతోంది, తింటోంది. పోటీ ప్రశ్నావళి మ్యాచ్ ముందు గంటల కోసం తయారైనది, ఆమెకు ఇంకా మ్యాచే లేదు. ఆ భయం ఆమె మొత్తం బతుకులో లేదు, కోర్టులో ఒక మూలలో, ఒక కాలిలో ఉంది. దాన్ని సూటిగా అడిగేందుకు వెబ్‌స్టర్ బృందం 2008లో 12 ప్రశ్నల కొలమానం రూపొందించింది. మోకాలు మళ్లీ దెబ్బతింటుందన్న భయం, ఆపరేషన్, వ్యాయామం మళ్లీ మొదటి నుంచి అనుభవించాల్సి వస్తుందన్న బెంగ, ఆ మోకాలి మీద నమ్మకం వంటివి అందులో ఉన్నాయి.

ఈ భయం బరువు చిన్నది కాదు. ఆర్డెర్న్ బృందం 2014లో 69 పరిశోధన పత్రాలను క్రోడీకరిస్తే, ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత 81 శాతం మంది ఏదో ఒక ఆటకు తిరిగి వచ్చారు. పాత స్థాయికి చేరినవారు 65 శాతం, పోటీల్లోకి వచ్చినవారు 55 శాతం. కాలు సిద్ధమైనవారందరూ పోటీకి సిద్ధం కాలేదు. ఇందుకు కారణాలు అనేకం ఉన్నా, మళ్లీ గాయమవుతుందన్న భయం తరచు వినిపించేది. భయంతో బిగుసుకుని దిగే మోకాలి మీద భారం పడే తీరూ మారుతుంది కనుక, ఇది మనసుతో ఆగే విషయం కాదు.

5. తెలుగు నేలపై ఆచరణ

1994లో మోకాలి లిగమెంట్ తెగిన పుల్లెల గోపీచంద్ ఆపరేషన్ల తర్వాత 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. పి.వి. సింధు 2022 కామన్‌వెల్త్ క్రీడల్లో చీలమండ ఎముక చిట్లినా స్వర్ణం గెలిచి, నెలల విరామం తీసుకుని 2023 జనవరిలో తిరిగి ఆడారు. ఈ కథలు స్ఫూర్తినిస్తాయి. కానీ గెలిచి వచ్చినవారే మనకు గుర్తుంటారు. తిరిగి రానివారి గురించి మన మైదానాల్లో వినిపించే తీర్పు 'వాడికి గుండె ధైర్యం లేదు' అన్నదే. చికిత్స అందాల్సిన చోట స్వభావం మీద తీర్పు పడుతోంది.

ఆసుపత్రుల్లో ఇదే మరో రూపంలో ఉంది. మన ఓపీల్లో రోగులు 'భయంగా ఉంది' అనడం అరుదు. దడ, ఒళ్లు మంటలు, కడుపులో తిప్పడం అని చెబుతారు. ఈసీజీ మామూలుగా వస్తే 'ఏమీ లేదు, టెన్షన్ పడకండి' అని పంపేస్తారు. దేశంలో వివిధ మానసిక రుగ్మతలకు చికిత్స అందనివారు 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని నిమ్హాన్స్ జరిపిన 2015–16 జాతీయ సర్వే తేల్చింది. ఆ ఖాళీలో ఈ 'ఏమీ లేదు' అన్న మాట వాటా ఉంది. శరీర లక్షణాలతోనే చెప్పుకునే మన రోగులకు, ఆ లక్షణాలను పక్కనపెట్టే ప్రశ్నావళి ఎంతవరకు సరిపోతుందన్నది కూడా పరీక్షించాల్సిన విషయమే. ప్రశ్నలను తెలుగు చేసుకుంటే చాలదు. ఏ అంకె దగ్గర గీత గీయాలో ఇక్కడి రోగులపై, ఇక్కడి నిర్ధారణతో సరిచూసుకోవాలి.

సాధనాలు లేకపోలేదు. క్రీడాకారుల మానసిక ఆరోగ్యాన్ని పరిశీలించేందుకు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సిఫారసు చేసిన విధానం 10 ప్రశ్నలతో మొదలవుతుంది. అంకె 17కి చేరితేనే తర్వాతి దశకు వెళ్తుంది. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య ఫోన్ సహాయ సేవ టెలి మానస్‌కు 14416 నంబరుపై ఎవరైనా ఫోన్ చేయవచ్చు. మానసిక చికిత్సకూ శరీర చికిత్సతో సమానంగా బీమా ఉండాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

6. ఉపసంహారం

ఈ పరిశీలన నుంచి మూడు ప్రతిపాదనలు తేలుతున్నాయి. క్రీడాకారుల, రోగుల ఆందోళన శాతాలను పోల్చేటప్పుడు కొలమానం, హద్దు అంకె, నిర్ధారణ పద్ధతి తప్పనిసరిగా పేర్కొనాలి. ఆపరేషన్‌కు ముందు రోగితో నొప్పి గురించి వివరంగా మాట్లాడటాన్ని మర్యాదగా కాక చికిత్సలో భాగంగా కేసు షీట్‌లో నమోదు చేయాలి. గాయం నుంచి కోలుకునే క్రీడాకారుడి విషయంలో కండరాల బలపరీక్షతో పాటు, ఏ కదలికకు భయపడుతున్నాడో అడిగి రాసుకున్నాకే ఆటకు అనుమతి ఇవ్వాలి. మూడోదానికి కొత్త యంత్రం అక్కర్లేదు, అదనపు ఖర్చు లేదు. ఫిజియో గదిలో పది నిమిషాలు, అక్కడ వచ్చిన జవాబును బలహీనతగా చూడని కోచ్ ఉంటే చాలు.